కేకలో గాజుల చప్పుడు

తలాతోకా లేని సినిమా అని కేకలక్క మొదటిరోజే తేల్చేసింది. జపాను వాళ్లది. ముగ్గురు అక్కచెల్లెళ్లు తాము పుట్టి పెరిగిన ఇంటిని ఖాళీ చేద్దామని వస్తారు. ఆ ఇల్లు వాళ్లని పోనివ్వదు. పోనివ్వకపోవడమంటే తలుపులు బిగుసుకుపోవడం, దీపాలు ఆరిపోవడంలాంటి మర్యాదస్తులైన దయ్యాల పనులు కావు. నేల మీంచి పైకప్పుకి వాన కురుస్తుంది. గోడగడియారం గుడ్డు పెడుతుంది. నడిపామె టీ పోసుకోబోతే కెటిల్ మూతిలోంచి ఆమె చిన్ననాటి జడ బయటికొస్తుంది. ఆవిడ ఏమాత్రం కంగారుపడకుండా దాన్ని చుట్టచుట్టి మళ్లీ లోపలికి తోసేస్తుంది. ఇది భయపెట్టాలని తీశారా, నవ్వించాలని తీశారా అని డబ్బింగు చెబుతున్నన్నాళ్లూ కేకలక్క అడుగుతూనే ఉంది. మాటలాయన ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పాడు. "రెండూనమ్మా. నీకెందుకు, పెదాలు చూసి మాట చెప్పు."

మాటలాయన అంటే ఆ డబ్బింగు థియేటర్లో పరాయి సినిమాలకు మన మాటలు రాసి, దగ్గరుండి చెప్పించే పెద్దమనిషి. కేకలక్క అని పేరు పెట్టిందీ ఆయనే. కొండ మీంచి పడే ఆడవాళ్లు, మంటల్లో చిక్కుకున్న ఆడవాళ్లు, పులిని చూసిన ఆడవాళ్లు, బొద్దింకను చూసిన ఆడవాళ్లు, ఎవరు నోరు తెరిచి అరిచినా ఆ గొంతు ఈవిడదే. అరుపు అయిపోయాక అదే పాత్ర మాట్లాడాల్సి వస్తే ఇంకొకావిడ వచ్చి మైకు ముందు నిలబడేది. జుట్టు నెరిసే వయసులో, ఈ పిచ్చి సినిమా పుణ్యమా అని, మొదటిసారి ఆమెకు ఒక పాత్ర పూర్తిగా దొరికింది. ముగ్గురిలో పెద్దక్క. మాటలన్నీ ఆమెవే, దగ్గులు కూడా.

అందుకే పూర్తయిన సినిమాను పనిచేసినవాళ్లకు చూపిస్తామని పిలిస్తే, ఇస్త్రీ చీర కట్టుకుని, పిట్టను వెంటబెట్టుకుని వెళ్లింది. పిట్ట ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు లేదు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని పిట్ట అన్నారు. ఇప్పుడు కాలేజీకి వెళుతోంది, పెద్దమ్మ కన్నా బెత్తెడు పొడుగైంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

చిన్న హాలు, నలభై కుర్చీలు. పిట్ట ముందు వరసలో కూర్చుందామంది, కేకలక్క వెనక గోడ పక్కన కూర్చోబెట్టింది. జడ కెటిల్లోంచి వచ్చినప్పుడు హాలంతా గొల్లుమంది. పిట్ట పెద్దమ్మ మోచేతిని గిల్లుతూ నవ్వింది. కేకలక్క నవ్వు ఆపుకుని తన గొంతు విన్నది. "తాళం నా దగ్గరే ఉండాలిగా" అంటోంది తెర మీద పెద్దక్క, ఈమె గొంతుతో, కాస్త చిరాగ్గా. బాగానే చెప్పానే అనుకుంది. తన మీద తనకే ముచ్చటేసింది.

తర్వాత పరుపుల అలమరా సీను వచ్చింది. ఆ ఇళ్లల్లో పగలు పరుపులు మడిచి అలమరాలో పెట్టేస్తారట. చిన్న చెల్లెలు తలుపు జరుపుతుంది. మడతలు ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా ఉబ్బి దిగుతుంటాయి. ఒక మడత వంకరగా ఉందని సరిచెయ్యబోతుంది, మనిషి తలతో సహా లోపలికి జారిపోతుంది. పరుపులు వాటంతటవే ఆమె మీద మడతపడతాయి. ఒక్క చెయ్యి బయట మిగులుతుంది. ఆ చెయ్యి, ఊరికి వెళ్లేవాళ్లు బండి కిటికీలోంచి ఊపినట్టు, మర్యాదగా టాటా చెబుతుంది. అదీ లోపలికి పోతుంది. పరుపులు ఒక్క తేన్పు తేన్చి, ఒంటి చెప్పును బయటికి ఉమ్ముతాయి. హాలు పడీ పడీ నవ్వింది. పిట్ట కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు తెర మీద పెద్దక్క నోరు తెరిచింది.

కేకలక్క వెన్ను నిటారుగా అయింది. ఈ కేక తను పెట్టలేదు. ఈ సీను చెప్పాల్సిన రోజు గొంతు పూర్తిగా పోయి, ఇంటికి వెళ్లిపోయింది. ఎలాగో సర్దుతాంలే అన్నారు, సర్దారు కాబోలు అనుకుని ఊరుకుంది. కానీ గొంతు తనదే. పొట్ట అడుగునుంచి వచ్చి, మధ్యలో విరిగి, మళ్లీ ఎక్కడో అందుకుంది. విరిగిన ఆ చోట ఒక చిన్న చప్పుడు. రెండు గాజులు ఇనుప కడ్డీకి తగిలిన చప్పుడు.

తెర మీద పెద్దక్క చేతులు బోసిగా ఉన్నాయి.

డబ్బింగు గదిలోకి గాజులతో ఎవరూ వెళ్లరు. గంజి పెట్టిన చీర కట్టుకోరు, పట్టీలు వేసుకోరు, కడుపు గుర్రుమంటుందని ఆకలితో కూడా వెళ్లరు. మైకు అన్నీ వింటుంది. ఇన్నేళ్లలో ఆమె గాజులు ఆ గదిలో మోగింది ఒక్కరోజు. చెల్లెల్ని కాన్పుకి ఆస్పత్రిలో చేర్చిన రోజు. కబురు ఎప్పుడొస్తుందోనని, రూలు కాదన్నా వినకుండా, ఫోను మైకు స్టాండు పక్కనే పెట్టుకుంది. టీ విరామంలో గాజులు మళ్లీ తొడుక్కుంది. ఫోను మోగింది. చెల్లెలి మొగుడు. ఆడపిల్ల అన్నాడు. ఆ తర్వాత రెండో మాట చెప్పాడు.

పిట్ట ఇంకా నవ్వుతూనే ఉంది. "పెద్దమ్మా, చంపేశావు" అని చెవిలో అంది.

మిగతా సినిమా కేకలక్క చూసీ చూడనట్టు చూసింది. ఒళ్లు మండిపోతోంది, అయినా లేచి వెళ్లలేదు. చివర్లో నడిపామె కూడా వెళ్లిపోయాక, పెద్దక్క ఒక్కతే ఆ ఇంట్లో ఉండిపోతుంది. రోజూ పొద్దున్నే పరుపులు మడిచి పెడుతుంది. ఆ ఒంటి చెప్పును అలమరా ముందు, లోపల్నుంచి వచ్చేవాళ్లు కాలు పెట్టుకోవడానికి వీలుగా, ముందు వైపు బయటికి ఉండేలా సర్దుతుంది. అంతే, సినిమా అయిపోయింది. ఇంత చెత్త సినిమాకి ఏడుపేమిటి అని తనను తాను తిట్టుకుంటూ కేకలక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎలా ఉందే?" అని దారిలో పిట్టను అడిగింది.

"బాగుంది. బాలేదు కూడా. నవ్వించి నవ్వించి చివర్న ఆ చెప్పు ఎందుకు పెట్టాడు, ఎదవ."

మర్నాడు కాలేజీ నుంచి వస్తూనే పిట్ట ఫోను మంచం మీద పడేసి స్నానానికి వెళ్లింది. కేకలక్క వంటింట్లో ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. గొంతు పోయిన దగ్గర్నుంచి పొద్దునా సాయంత్రం అదే పని. తల పైకెత్తి గరగరలాడిస్తుంటే, పక్క గదిలో కేక వినబడింది. విరిగింది, గాజులు తగిలాయి, మళ్లీ అందుకుంది. నీళ్లు కొరబోయి, గ్లాసు సింకులో పడింది. దగ్గుకుంటూ వెళ్లి చూస్తే పిట్ట ఫోను వెలుగుతోంది. మళ్లీ మొదట్నుంచి మోగింది.

"అది నా రింగుటోను" అంది పిట్ట తల తుడుచుకుంటూ వచ్చి. సినిమా కంపెనీవాళ్లు ఆ సీను ముక్కను ప్రచారం కోసమని ముందే ఫోన్లలోకి వదిలారట. పరుపులు తేన్చడం, చెప్పు పడటం, కేక. "మా క్లాసులో సగంమంది పెట్టుకున్నారు. లెక్కల మేడం క్లాసులో మోగితే ఆవిడ కూడా నవ్వింది. ఇది మా పెద్దమ్మే అంటే ఒక్కళ్లూ నమ్మట్లేదు."

"తీసెయ్యవే."

"ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి కేకలక్క నోరు తెరిచింది. పెదాల కదలికను బట్టి ఎవరి నోట్లోనైనా మాట పెట్టగలదు గాని, తన నోటికి ఒక్కటీ దొరకలేదు. ఈ పిల్ల పుట్టిన రోజూ ఈ పిల్ల తల్లి పోయిన రోజూ ఒకటే. ఆ సంగతి పిట్టకు తెలుసు, ఎప్పుడూ దాచలేదు. దాచింది ఏడుపును. ఏటా ఆ రోజున ఈ ఇంట్లో ఎవరి కళ్లూ తడవకూడదని కేకలక్క ఒట్టు పెట్టుకుంది. ఎవరికైనా ఏడుపొస్తే వీధిలోకి పొమ్మనేది. పుట్టినరోజు అంటే నవ్వాల్సిందే, కొత్తబట్టలు కట్టాల్సిందే. తను మళ్లీ గాజులు తొడుక్కోలేదు, ఎవరైనా అడిగితే పనికి అడ్డమనేది.

"చెవిలో జోరీగలా ఉంది" అంది చివరికి.

"నీ గొంతే కదా, నీకు నచ్చకపోతే ఎలా" అని పిట్ట పెద్దమ్మ బుగ్గ లాగి, జడ వేసుకోవడానికి అద్దం దగ్గరికి వెళ్లింది. ఆ సాయంత్రం ఫోను ఇంకో నాలుగైదుసార్లు మోగింది. మోగిన ప్రతిసారీ కేకలక్క చేతిలో ఏముంటే అది కింద పెట్టి, అది ఆగేదాకా నిలబడింది. ఆగాక మళ్లీ పని అందుకుంది.

మర్నాడు పొద్దున్నే డబ్బింగు థియేటరుకు వెళ్లింది. చెవులాయన ఒక్కడే ఉన్నాడు, నేల మీద కూర్చుని వైర్లు చుట్టలు చుడుతున్నాడు. రికార్డింగు చేసే మనిషి. ఎప్పుడూ తలకు చెవిదొప్పలు తగిలించుకుని ఉంటాడని చెవులాయన అయ్యాడు. ఎవరైనా పలకరిస్తే ఒక చెవి మీద దొప్ప పక్కకు జరిపి వింటాడు. కేకలక్కకు మాత్రం రెండూ తీసి మెడలో వేసుకుంటాడు.

"పరుపుల సీన్లో కేక ఎక్కడిది తమ్ముడూ?"

వైరు చుట్టే చెయ్యి ఆగలేదు. "నీదే అక్కా."

"నాదని తెలుసు. ఎప్పటిది?"

చెవులాయన చుట్ట పూర్తిచేసి, చివర బిగించి ముడివేసి, పక్కన పెట్టాడు. ఇంకో వైరు అందుకోలేదు. "నీ గొంతు పోయిన రోజు మాటలాయన ఇంకొకావిడకి కబురు పెడతానన్నాడు. కేక ఒక్కటే కాదు, పాత్ర మొత్తం మొదట్నుంచి ఆవిడ చేత చెప్పిస్తానన్నాడు. రెండు గొంతులైతే తేడా తెలిసిపోతుందని. మర్నాడు నేను, అక్క పొద్దున్నే వచ్చి చెప్పేసింది, మీరు రాకముందే రికార్డు చేసేశాం అన్నాను."

"అబద్ధమాడావు."

"ఆడాను."

"ఈ గదిలో ఎన్ని కేకలు పెట్టాను నేను. వేరే దొరకలేదా?"

"అన్నీ పెట్టి చూశానక్కా. పులిని చూసింది పెట్టాను, బావిలో పడింది పెట్టాను, మంటల్లోది పెట్టాను. ఆ మొహం మీద ఒక్కటీ ఆనలేదు. అన్నీ కేకల్లాగే ఉన్నాయి."

కేకలక్క ఎత్తుపీట మీద కూర్చుంది. "ఆ ఫోనొచ్చిన రోజు తలుపు తీసి నన్ను పట్టుకుంది నువ్వే."

"నేనే."

"పట్టుకోవడానికి వచ్చినవాడివి మిషను ఆపి రాలేదా?"

"నేను విరామంలో ఎప్పుడూ ఆపను, నీకు తెలుసుగా. మనుషులు చెప్పడం అయిపోయిందనుకున్నాక మంచి మంచివి పడుతుంటాయి. ఆ రోజూ నడుస్తూనే ఉంది. మర్నాడు చూసుకున్నాను. చెరిపేద్దామని కూర్చున్నా, చెయ్యి రాలేదు." ఆయన తల ఎత్తకుండా అన్నాడు. "ఎవరి కేక వాళ్లు గుర్తుపట్టరు. నువ్వు పడతావనుకోలేదు."

"గాజులు" అంది కేకలక్క.

చెవులాయనకు అర్థం కాలేదు. లేచి మిషను ముందు కూర్చుని, దొప్పలు తగిలించుకుని ఆ ముక్క విన్నాడు. మళ్లీ విన్నాడు. ఈ ఊళ్లో ఎవరి ఊపిరి ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి, తెలిసిన కేక కాబట్టి కేకనే విన్నాడు, పక్కనున్నది వినలేదు. "ఉంది" అన్నాడు మెల్లగా. చెవులు ఎర్రబడ్డాయి.

"తీసెయ్యి తమ్ముడూ. నేనేం అడిగాను నిన్ను ఇన్నేళ్లలో."

"మాటలాయన ఒప్పుకోవాలి. ఏమని చెప్తావు? ఉన్నదున్నట్టు చెప్తే నా పని పోతుంది, పోనీ. కానీ అక్కా, ఇది నిజం కేక అని తెలిసిందనుకో, ఆయన తియ్యడు. అదే మాట పెద్ద అక్షరాలతో గోడల మీద వేయిస్తాడు. నీకు తెలీదా ఆయన."

తెలుసు.

మాటలాయన వచ్చేసరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. ఆయన మహా సంతోషంగా ఉన్నాడు. ఆ చెప్పు సీను ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో చెప్పి, టీ తెప్పించాడు. కేకలక్క గ్లాసు పట్టుకుని నిలబడే చెప్పింది. "అయ్యగారూ, ఆ కేకలో గాజుల చప్పుడు పడింది. తెర మీద పెద్దక్క చేతికి గాజుల్లేవు."

"ఎవరికి వినబడుతుందమ్మా అది."

"నాకు వినబడింది."

ఆయనకు తన పనిలో తప్పు పడితే నిద్ర పట్టదు. ఒకసారి వేయించుకుని విన్నాడు, మొహం చిట్లించాడు. "నిజమే సుమీ. అసలు గాజులతో లోపలికెవరు పొమ్మన్నారు నిన్ను?" కేకలక్క తల వంచుకుంది. "సరే, ఇప్పుడు గొంతు బాగానే ఉందిగా. ఇంకోటి పెట్టు. దీనికంటే బాగుంటే మారుద్దాం. శుక్రవారం విడుదల, ఇవాళ దాటితే కుదరదు."

దీనికంటే బాగుంటే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె లోపలికి వెళ్లింది. చెప్పులు బయట విడిచింది. మైకుకు జానెడు దూరంలో నిలబడింది. కేకకు ముందు మొహం కాస్త పక్కకు తిప్పాలి, లేకపోతే మైకుకు చెవుడొస్తుంది. ఫ్యాను ఆగింది. ఎర్రదీపం వెలిగింది. తెర మీద అలమరా తలుపు జరిగింది. చెయ్యి టాటా చెప్పింది, చెప్పు పడింది, పెద్దక్క నోరు తెరిచింది.

కేకలక్క అరిచింది.

"బాగుంది" అంది అద్దం అవతల్నుంచి మాటలాయన గొంతు. "కేకలా ఉంది. ఇంకోటి."

మళ్లీ అలమరా, మళ్లీ చెయ్యి. ఆమె ఈసారి తక్కువ స్థాయిలో మొదలుపెట్టి పైకి తీసుకెళ్లింది. పాపం భయపడిందిలే అన్నట్టుంది, వద్దన్నాడు. మధ్యలో విరగ్గొట్టి చూసింది. విరగ్గొట్టినట్టు తెలిసిపోతోందన్నాడు. చెల్లెలు మళ్లీ మళ్లీ పరుపుల్లోకి జారిపోతోంది. ప్రతిసారీ అదే మర్యాదతో చెయ్యి ఊపుతోంది. ఒకసారి ఆ తేన్పుకి కేకలక్కకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది, స్టాండు పట్టుకుని కడుపుబ్బా నవ్వింది. అద్దం అవతల వాళ్లు కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకు ఆ సినిమా తీసినవాడి మీద పట్టరాని కోపం వచ్చింది. వీడికెవరు చెప్పారు, మనిషి పోవడం ఇలాగే ఉంటుందని. ఒక మడత సరిచెయ్యడానికి వంగినంత మామూలుగా ఉంటుందని వీడికెలా తెలుసు.

తర్వాతిసారి నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి తెరిచింది. తెర మీద ఆవిడా నోరు తెరిచే ఉంది, ఇవతల ఈవిడా. గదిలో చప్పుడు లేదు.

"వద్దులేమ్మా" అన్నాడు మాటలాయన, దయగానే. "పాతదే ఉంచుదాం. ఆ గాజులు మాత్రం గీకేసెయ్యవయ్యా. ఏం నటనమ్మా అది, ఆ రోజు ఏ వేళ నిద్ర లేచావో గాని, మళ్లీ జన్మలో అంత బాగా చెయ్యలేవు."

"చెయ్యలేనండి" అంది కేకలక్క.

ఆయన వెళ్లిపోయాక చెవులాయన ఆమెకు వేడినీళ్లు తెచ్చిచ్చాడు. గాజుల చప్పుడు శుభ్రంగా తీయాలంటే మొదటి రికార్డు తెరవాలి అన్నాడు. "నువ్వు బయట కూర్చో అక్కా."

"ఇక్కడే ఉంటా."

మిషను తెర మీద చప్పుళ్ల గీతలు పరుచుకున్నాయి. కేక ఎక్కడ మొదలవుతుందో తెలియక ఆయన కాస్త ముందునుంచి పెట్టాడు. దూరంగా టీ గ్లాసుల చప్పుడు. ఎవరో కూనిరాగం తీస్తున్నారు. గాజులు తొడుక్కుంటున్న గలగల. ఫోను మోగింది. ఆ వెంటనే ఒక ఆడమనిషి గొంతు, గది నిండిపోయేంత నవ్వుతో. "చెప్పు మరిదీ, ఆడపిల్లా, మగపిల్లాడా? ఎవరైనా సరే, నా పోలికే అని ముందే చెబుతున్నా." మళ్లీ నవ్వు. అక్కడ గీత సన్నబడి నేలకు ఆనినట్టు పడుకుంది. చెవులాయన చటుక్కున ఆపేశాడు. దాని తర్వాత వచ్చేదేమిటో ఇద్దరికీ తెలుసు.

"ఇంకోసారి పెట్టు" అంది కేకలక్క.

పెట్టాడు. కూనిరాగం, గాజులు, ఫోను, నవ్వు. ఆమె ముందుకు వంగి, బల్ల మీద మోచేతులు ఆనించి విన్నది. రోజంతా అరిచినా అలిసిపోని మనిషిలా ఉంది ఆ నవ్వే ఆవిడ. ఎవరితోనూ పేచీ లేనట్టుంది.

"ఇంత గట్టిగా నవ్వేదాన్నా?"

"నవ్వేదానివక్కా. నీకోసం మైకు ఇంకో జానెడు వెనక్కి జరిపేవాణ్ణి."

కేకలక్క తన ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. "ఆ నవ్వు వరకు ఇందులో వెయ్యి."

"మిగతాది?"

"మిగతాది మీరు ఉంచుకున్నారుగా."

చెవులాయన కళ్లు తుడుచుకోలేదు, దొప్పలు తలకు పెట్టుకున్నాడు. ఆమె చూస్తుండగానే కేక మధ్యలో ఉన్న సన్నటి ముల్లులాంటి గీతను వెతికి పట్టుకున్నాడు. రెండు వైపులా గుర్తు పెట్టి తీసేశాడు. అతుకు కనబడకుండా సరిచేశాడు. ఇప్పుడది ఎవరి కేకైనా కావచ్చు.

ఇంటికి వచ్చేసరికి పిట్ట ఆరిన దుప్పట్లు మేడ మీంచి తెచ్చి మంచం మీద కుప్ప పోసింది. పెద్ద దుప్పట్లు ఒక్కరితో అయ్యే పని కాదు. పిట్ట రెండు చివర్లు పట్టుకుంది, కేకలక్క రెండు పట్టుకుంది. దులిపి, లాగి, ఒకరికెదురుగా ఒకరు నడిచి చివర్లు కలపడం వాళ్లకు అలవాటే. ఒకటి మడిచాక కేకలక్క తన ఫోను తీసింది. "ఒకటి విను" అని నొక్కింది. ఎందుకు వినిపిస్తోందో తనకే సరిగ్గా తెలియదు. దారి పొడుగునా, ఆ రింగుటోను బదులు ఇది పెట్టుకోవే అని అడుగుదామనుకుంది, అంతవరకే అనుకుంది.

నవ్వు విని పిట్ట కనుబొమ్మలు ఎగరేసింది. "ఎవరిది పెద్దమ్మా?"

"నాదే. నువ్వు పుట్టావని ఫోనొచ్చినప్పటిది. మిషను ఆపడం మర్చిపోయారు."

"నువ్వా? ఇలా నవ్వేదానివా?" పిట్ట మళ్లీ వేయించుకుని విన్నది. మొహమంతా విప్పారింది. "నా పోలికే అన్నావా. తర్వాత?"

"ఆడపిల్ల అన్నాడు మీ నాన్న."

"ఆ తర్వాత?"

కేకలక్క ఇంకో దుప్పటి చివర్లు వెతికి అందుకుంది. పిట్ట అటువైపు పట్టుకుంది. "తర్వాత ఒక కేక పెట్టాను."

"సంతోషంతోనా?"

ఊఁ అంటే సరిపోయేది. ఊఁ అనడం ఎంత తేలిక, ఆమె వృత్తిలో అన్నిటికన్నా చిన్న మాట అది. పెదాలు కూడా కదపక్కర్లేదు. దుప్పటి పట్టుకుని నిలబడిపోయింది. పిట్ట చూస్తోంది. పిట్ట మొహంలోని నవ్వు ఒక్కసారిగా పోలేదు, మెల్లమెల్లగా పోయింది.

అప్పుడు మంచం మీద పిట్ట ఫోను మోగింది. కేక గదిలోకి వచ్చింది. విరిగింది, గాజులు తగిలాయి, మళ్లీ అందుకుంది. పిట్ట తియ్యలేదు. రెండోసారి మోగింది. మూడోసారి మధ్యలో ఆగిపోయింది.

"ఇదా?" అంది పిట్ట.

కేకలక్క తలూపింది.

"నేను దీన్ని..." పిట్ట పూర్తి చెయ్యలేదు. తర్వాత ఫోను వైపు చూస్తూ అడిగింది. "మధ్యలో టిక్కుమని ఆ చప్పుడేంటి?"

"నా గాజులు. మీ అమ్మ కొనిపెట్టినవి. సినిమాలో ఇవాళ చెరిపేశారు. కేక ఉంచుతారట. తీయించలేకపోయానే, చాలా ప్రయత్నం చేశాను. నావల్ల కాలేదు." ఇక ఈ పిల్ల ఏడుస్తుంది, లేదా నన్నెందుకు నవ్వనిచ్చావని అడుగుతుంది, రెండిటికీ తన దగ్గర ఏమీ లేదు అనుకుంది కేకలక్క.

పిట్ట తన వైపు చివర్లు పట్టుకుని, ఎప్పటిలాగే నడిచి వచ్చి, పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. అక్కడే నిలబడింది. "ఎప్పుడూ అడగలేదు గాని, మా అమ్మ పోయినప్పుడు ఎవరూ ఏడవలేదనుకున్నాను పెద్దమ్మా."

"అదేం మాటే."

"నా పుట్టినరోజుకి మీరందరూ నవ్వుతూనే ఉంటారుగా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. అమ్మ పోయింది, నేను వచ్చా, లెక్క సరిపోయిందిలే అనుకున్నారేమోనని. అడిగితే బాగోదని అడగలేదు."

కేకలక్క నోరు తెరిచింది. పొద్దున మైకు ముందు తెరిచినట్టే తెరిచింది, పొద్దున్నలాగే ఏమీ రాలేదు. చేతిలో దుప్పటి మడత జారి నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

పిట్ట ఫోను తీసుకుని మంచం చివర కూర్చుంది. రింగుటోను మార్చి మామూలు గంట పెట్టింది. కేకను మాత్రం చెరపలేదు. "ఇది నా దగ్గర ఉంటుంది. గాజులున్నది." రెండో చేత్తో పెద్దమ్మ ఫోను కూడా తీసుకుని, రెండూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది. "మొదట్నుంచి వింటాను. నువ్వూ కూర్చో."

కేకలక్క కూర్చుంది. పిట్ట మొదటి ఫోను నొక్కింది. కూనిరాగం వచ్చింది, గాజుల గలగల వచ్చింది, ఆడపిల్లా మగపిల్లాడా అని నవ్వు వచ్చింది. అది అయిపోయాక రెండో ఫోను మీద వేలు పెట్టి ఆగింది. నొక్కకుండా పెద్దమ్మ వైపు తిరిగి, ఆమె బోసి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"నొక్కు" అంది కేకలక్క.